2021 సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్‌కు స్టేజ్ 1 మ్యాప్ వేయించాలా, వారంటీ ముగిసేదాకా ఆగాలా?

బాక్సర్‌బండి, ఫ్రిస్కో, టెక్సస్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కిందటి ఏడాది దసరాకు ముందు 2021 మోడల్ సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ఆరు గేర్ల మాన్యువల్ బండి, అప్పటికి 38 వేల మైళ్లు తిరిగింది. ఇంజిన్‌కు, గేర్‌బాక్సుకు కంపెనీ ఇచ్చే 5 ఏళ్లు లేదా 60 వేల మైళ్ల వారంటీలో నాకింకా ఎనిమిది నెలలు మిగిలి ఉన్నాయి.

బండి కొన్న నాటి నుంచి స్నేహితులు ఎక్కడ కలిసినా "స్టేజ్ 1 వేయించావా" అన్న ప్రశ్నే అడుగుతున్నారు, అంటే పార్టులేవీ మార్చకుండా ఇంజిన్ సాఫ్ట్‌వేర్‌ను మాత్రం మార్చే మొదటి మెట్టు ట్యూన్ అన్నమాట. కాబ్ కంపెనీ వారి యాక్సెస్‌పోర్ట్ అనే చేతి పరికరం కొని, స్టీరింగ్ కింద బండి కంప్యూటర్‌కు దారిగా ఉన్న ఓబీడీ సాకెట్‌లో గుచ్చి, అందులో ముందే ఉన్న రెడీమేడ్ మ్యాప్‌ను ఎక్కిస్తే పావుగంటలో పని అయిపోతుందని, బండి స్వభావమే మారిపోతుందని వారి మాట. మరొక మిత్రుడు మాత్రం రెడీమేడ్ మ్యాప్ దండగ, ఈ-ట్యూన్ (ఇంటర్నెట్ ద్వారా దూరం నుంచి ట్యూన్) చేసేవారికి లాగ్‌లు (బండి నడుస్తుండగా నమోదైన అంకెలు) పంపి మన బండికి ప్రత్యేకంగా రాయించుకోవాలని అంటున్నాడు. ఇంకొకరు డైనో (నిలిచిన చోటే చక్రాలు తిరగనిచ్చి శక్తి కొలిచే యంత్రం) మీద ఎక్కించి దగ్గరుండి చేయించుకుంటే తప్ప అసలు ముట్టుకోవద్దని హెచ్చరించారు. ముగ్గురూ అనుభవం ఉన్నవారే కావడం వల్ల నాకు అయోమయం పెరిగింది.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగినే కానీ ఇంజిన్ గురించి నాకు తెలిసింది తక్కువ. నా సందేహాలు ఇవి. పార్టులేవీ మార్చకుండా ఒక ఫైలు మార్చినంత మాత్రాన అదనపు శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? అంత సులువుగా వచ్చేదైతే కంపెనీ వారే ఎందుకు ఇవ్వలేదు? డీలరు దగ్గరకు వెళ్లే ముందు పాత సాఫ్ట్‌వేర్‌ను తిరిగి ఎక్కించేస్తే వారికి తెలియదని అంటున్నారు, అది నిజమేనా? ఏటా చేయించుకోవలసిన ఎమిషన్ టెస్టులో ఇబ్బంది వస్తుందా?

ఇంకొక విషయం కూడా ఉంది. మూడో గేర్‌లో 3,000 నుంచి 3,500 ఆర్‌పీఎం మధ్య గట్టిగా తొక్కినప్పుడు ఒక్క క్షణం ఎవరో వెనక్కి పట్టి లాగినట్టు అనిపించి, తర్వాత బండి అందుకుంటుంది. ట్యూన్ చేస్తే ఇది కూడా సర్దుకుంటుందని అందరూ అంటున్నారు. పదకొండు మైళ్ల దూరంలో ఉన్న ఆఫీసుకు వెళ్లి రావడానికి 268 గుర్రాలు చాలవా అని మా ఆవిడ అడుగుతోంది. దానికి నా దగ్గర సమాధానం లేదు కనుక మిగతా ప్రశ్నలకైనా మీరు సమాధానం చెబుతారని ఆశిస్తున్నాను.

టైమింగ్‌లైట్, డెట్రాయిట్ శివారు

పన్నెండేళ్లుగా ఇంజిన్ క్యాలిబ్రేషన్ పనిలో ఉన్నాను, అంటే కంపెనీ వైపు నుంచి ఆ ఫైలు రాసేవారిలో ఒకడిని. కనుక నా మాటలో కొంత పక్షపాతం ఉండవచ్చు, ఆ మేరకు తగ్గించి చదువుకోండి.

మ్యాప్ అనే మాట విని చాలామంది అదొక ప్రోగ్రాం అనుకుంటారు. నిజానికి ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ అయిన ఈసీయూలోని ప్రోగ్రాం చాలావరకు అలాగే ఉంటుంది, మారేవి అది చూసుకునే పట్టికలు. అడ్డంగా ఇంజిన్ వేగం, నిలువుగా ఇంజిన్ మీద పడే లోడు, ఆ రెండూ కలిసే గడిలో ఒక అంకె. స్పార్క్ ఎన్ని డిగ్రీల ముందు పడాలి, ఎంత పెట్రోలు చల్లాలి, టర్బో ఎంత ఒత్తిడి ఇవ్వాలి, యాక్సిలరేటర్ ఇంత తొక్కితే డ్రైవరు ఎంత టార్క్ అడిగినట్టు లెక్క, ఇలాంటి పట్టికలు వందల సంఖ్యలో ఉంటాయి. 1979లో బాష్ వారి మోట్రానిక్ వచ్చినప్పటి నుంచి ఇదే పద్ధతి. అప్పట్లో డబ్బా విప్పి చిప్ ఊడదీసి వేరొకటి పెట్టేవారు. అమెరికాలో 1996 నుంచి ఓబీడీ-2 తప్పనిసరి అయ్యాక ఆ సాకెట్ ఒక వాకిలిగా దొరికింది, తరువాత వచ్చిన ఈసీయూలను దాని గుండానే తిరగరాయడం మొదలైంది. యాక్సెస్‌పోర్ట్, ఈక్యూటెక్, కార్వెట్‌ల వారు వాడే హెచ్‌పీ ట్యూనర్స్, బీఎండబ్ల్యూల వారు ఫోనులోంచే వాడుకునే ఎంహెచ్‌డీ, బూట్‌మాడ్3, ఇవన్నీ ఆ వాకిలిలోంచి లోపలికి వెళ్లి ఆ పట్టికల్లోని అంకెలు మార్చే పనిముట్లే.

అదనపు శక్తి ఎక్కడి నుంచి వస్తుందన్న మీ ప్రశ్నకు నేరుగా చెప్పాలంటే, మేము దాచిపెట్టిన చోటు నుంచి వస్తుంది. మీ బండిలోని ఎఫ్‌ఏ20 డీఐటీ రెండు లీటర్ల ఇంజిన్, కంప్రెషన్ నిష్పత్తి 10.6, దాని మీద టర్బో సుమారు 16 పీఎస్‌ఐ వరకు గాలి కుక్కుతుంది. టర్బో ఇంజిన్‌కు అది చాలా ఎక్కువ కంప్రెషన్, నేరుగా సిలిండర్‌లోకే పెట్రోలు చల్లి లోపలి వేడిని తగ్గించడం వల్లనే అది సాధ్యమైంది. అదే బండి ఆగస్టులో ఫీనిక్స్ ట్రాఫిక్‌లోనూ, జనవరిలో మిన్నెసోటాలోనూ, ఓనరు పొరపాటున నాసిరకం పెట్రోలు పోయించినప్పుడూ బతికి బయటపడాలి. ఎమిషన్ నిబంధనలు దాటకూడదు, క్లచ్ అరవై వేల మైళ్లలోపు వారంటీ క్లెయిముగా మారకూడదు. అన్నిటికీ కలిపి ఒక మార్జిన్ వదులుతాం. ట్యూన్ చేసేవారు ఆ మార్జిన్‌లో కొంత తీసి మీ చేతిలో పెడతారు. టర్బో బండిలో బూస్ట్ (టర్బో కుక్కే గాలి ఒత్తిడి) కూడా సాఫ్ట్‌వేర్ చేతిలోనే ఉంటుంది కనుక ఆ ముద్ద పెద్దదిగా ఉంటుంది. టర్బో లేని టయోటా 86 లాంటి బండిలో ఎంత గొప్ప ట్యూన్ చేసినా ఆ ముద్ద చిన్నదే.

అంటే రెడీమేడ్ మ్యాప్ కొన్నప్పుడు మీరు కొనేది కొన్ని ఊహలను. ఈ బండిలో ఫలానా ఇంటేక్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టం) ఉంది, ఫలానా ఎగ్జాస్ట్ ఉంది, ట్యాంకులో 93 ఆక్టేన్ (తనంతట తానే అంటుకోకుండా ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) పెట్రోలు ఉంది, ఇంజిన్ ఆరోగ్యంగా ఉంది అని ఆ మ్యాప్ రాసినవారు ఊహించుకున్నారు. అందుకే 91కి ఒక మ్యాప్, 93కి ఒక మ్యాప్ విడివిడిగా ఇస్తారు. ఆ ఊహలన్నీ మీ బండి విషయంలో నిజమైతే రెడీమేడ్ మ్యాప్ పేరున్న కంపెనీది కావడం వల్ల చాలా జాగ్రత్తగానే ఉంటుంది, దాన్ని దండగ అనడం అన్యాయం. ఒక్క ఊహ తప్పినా సంగతి వేరు.

ఇక అసలు విషయం నాక్. సిలిండర్‌లో మంట స్పార్క్ దగ్గర మొదలై వరుసగా వ్యాపించాలి. వేడీ ఒత్తిడీ ఎక్కువైనప్పుడు, మంట ఇంకా చేరని మూలలో మిశ్రమం తనంతట తానే భగ్గుమంటుంది. ఆ దెబ్బ పిస్టన్ మీద సుత్తి దెబ్బలా పడుతుంది. ఇంజిన్ బ్లాకుకు బిగించిన నాక్ సెన్సర్ ఒక మైక్రోఫోన్ లాగా దాన్ని వింటుంది. సుబారు ఈసీయూ ఆ విన్నదాన్ని మూడు స్థాయిల్లో గుర్తుపెట్టుకుంటుంది. అప్పటికప్పుడు టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) వెనక్కి తగ్గించడం ఫీడ్‌బ్యాక్ నాక్. ఫలానా వేగం, ఫలానా లోడు దగ్గర తరచూ వస్తోందని ఆ గడిలో రాసుకోవడం ఫైన్ నాక్ లెర్నింగ్. ఇక మొత్తం పెట్రోలునే అనుమానించి టైమింగ్ అంతటినీ తగ్గించే గుణకం డీఏఎం, అది 1 దగ్గర ఉండాలి. తొక్కీ వదిలే సందర్భంలో ఒకసారి మైనస్ 1.4 డిగ్రీలు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. పూర్తిగా తొక్కి ఉంచినప్పుడు వరుసగా కనిపించినా, డీఏఎం 1 కంటే దిగినా ఆ బండికి ట్యూన్ మాట ఎత్తకూడదు.

మీ ప్రశ్నలో నన్ను ఆపినది మీరు చివర్లో ఇంకొక విషయమంటూ రాసినదే. 3,000 నుంచి 3,500 మధ్య వెనక్కి లాగినట్టు ఉండటమంటే ఈసీయూ ఏదో విని టైమింగ్ తగ్గించి ఉండవచ్చు, లేదా గాలి లెక్క తప్పుతూ ఉండవచ్చు. పగిలిన గోడకు సున్నం కొట్టినట్టు దాని మీద కొత్త మ్యాప్ వేయకండి. ముందు ఉన్న సాఫ్ట్‌వేర్‌తోనే లాగ్ తీయండి. సుబారు సొంత పారామీటర్లు చదవగలిగే ఫోన్ యాప్, ఒక ఓబీడీ అడాప్టర్ ఉంటే చాలు. మూడో గేర్‌లో 2,500 నుంచి 6,000 వరకు పూర్తిగా తొక్కాలి, కానీ అక్కడికి చేరేసరికి వేగం 80 మైళ్లు దాటుతుంది కనుక రోడ్డు మీద వద్దు, నాలుగు చక్రాలూ తిరిగే డైనో ఉన్న చోట తీయించండి. అన్నట్టు బానెట్ ఎత్తి ఒక ఫోటో కూడా పెట్టండి.

రాటన్‌పాస్ బాధితుడు, ప్లేనో

బాక్సర్‌బండి గారూ, నేను మీ పొరుగూరి వాడినే. నాది 2011 ఎస్‌టీఐ, అంటే పాత 2.5 లీటర్ల ఈజే ఇంజిన్. ఆ ఇంజిన్ రింగ్‌ల్యాండ్‌ల (పిస్టన్ రింగుల మధ్య గట్ల) బలహీనత గురించి సుబారు వాడే ప్రతి ఒక్కరికీ తెలుసు. నాకూ తెలుసు, అయినా నా దాకా రాదని అనుకున్నాను.

పేరు చెప్పను కానీ ఒక ఈ-ట్యూనర్ దగ్గర 93 ఆక్టేన్‌కు మ్యాప్ రాయించుకున్నాను. మామూలుగా ఐదారు లాగ్‌లు అటూ ఇటూ నడవాలి, ఆయన రెండో లాగ్‌కే బాగుందని చెప్పి ముగించాడు. నేనూ అడగలేదు, పని త్వరగా అయిందని సంతోషించాను. ఎనిమిది నెలలు బండి బ్రహ్మాండంగా నడిచింది. జూలైలో కుటుంబంతో డెన్వర్ బయల్దేరాం. అమరిల్లో దాటి, డాల్‌హార్ట్, క్లేటన్ మీదుగా వెళ్లే దారిలో పెట్రోలు పోయించాను. అక్కడ దొరికే ప్రీమియం 91 మాత్రమేనన్న సంగతి పంపు మీద కనిపిస్తూనే ఉంది, రెండు అంకెల తేడాకు ఏమవుతుందిలే అనుకున్నాను. నా యాక్సెస్‌పోర్ట్‌లోనే 91 మ్యాప్ కూడా ఉంది. దాన్ని ఫ్లాష్ చేయడానికి, అంటే ఈసీయూలోకి ఎక్కించడానికి, ఐదు నిమిషాలు పడుతుంది, వెనక సీట్లో పిల్లలు ఆకలని ఏడుస్తున్నారు.

రాటన్ పాస్ అనే కొండదారి ఎక్కడం మొదలుపెట్టాక డాష్ మీద యాక్సెస్‌పోర్ట్ తెరలో డీఏఎం 1 నుంచి 0.8కి, తర్వాత 0.6కి దిగింది. ఆ తెర మీద నేను పెట్టుకున్న ఆరు గేజ్‌లలో అది ఒకటి, కానీ నేను చూస్తున్నది బూస్ట్‌ను. ఎత్తైన చోట గాలి పలచగా ఉంటుంది కనుక అంతే ఒత్తిడి తేవడానికి టర్బో మరింత గట్టిగా తిరగాలి, ఆ గాలి మరింత వేడెక్కుతుంది. బండి నిండా సామాను, ఏసీ, ఎక్కుడు దారి, తక్కువ ఆక్టేన్, అన్నీ ఒకే చోట కలిశాయి. మీరు గమనించండి, ఈసీయూ తన పని తాను చేసింది, టైమింగ్ తగ్గించుకుంటూ పోయింది. కానీ ప్రతి తగ్గింపూ ఒక దెబ్బ తిన్న తర్వాతే జరుగుతుంది.

డెన్వర్‌లో హోటలు ముందు స్టార్ట్ చేసినప్పుడు నీలి పొగ వచ్చింది. తిరిగి వచ్చాక కంప్రెషన్ టెస్ట్ చేయిస్తే మూడు సిలిండర్లలో 140 దగ్గర, నాలుగోదానిలో 65 కనిపించింది. ఇంజిన్ దించినప్పుడు మెకానిక్ ఆ పిస్టన్‌ను నా చేతిలో పెట్టాడు. రెండు రింగుల మధ్య ఉండే గట్టు వేలి గోరంత మేర విరిగి ఊడి వచ్చింది, విరిగిన అంచు పలుచటి బిస్కెట్టు విరిగినట్టు గరుకుగా ఉంది. నాకు అయిన ఖర్చు ఇక్కడ రాస్తే మా ఇంట్లో వారు చదువుతారు.

తప్పు సాఫ్ట్‌వేర్‌ది అని నేను అనను. ఆ ట్యూనర్ మరో నాలుగు లాగ్‌లు అడిగి ఉండవలసింది, నేను ఆ పంపు దగ్గర ఐదు నిమిషాలు ఆగి ఉండవలసింది. మీ ఎఫ్‌ఏ20 పిస్టన్లు మా ఈజే కన్నా మెరుగైనవే కానీ, దానికి వేరే జబ్బు ఉంది. పై గేర్‌లో 2,000 ఆర్‌పీఎం దగ్గర గట్టిగా తొక్కితే స్పార్క్ పడకముందే మిశ్రమం అంటుకునే ప్రమాదం చిన్న డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజిన్లన్నిటికీ ఉంటుంది. ట్యూన్ అయ్యాక కింది టార్క్ పెరుగుతుంది కనుక ఆ ప్రలోభమూ పెరుగుతుంది. డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ అని ఉన్న ఆయిలే పోయించండి, బండి బరువుగా లాగుతున్నప్పుడు ఒక గేరు దించండి.

బే ఏరియా బుల్లోడు, ఫ్రీమాంట్

చట్టం సంగతి ఎవరూ చెప్పలేదు కనుక నేను చెబుతాను. మా కాలిఫోర్నియాలో 2021 జూలై 19 నుంచి స్మాగ్ చెక్ అనే పొగ పరీక్షలో ఈసీయూ సాఫ్ట్‌వేర్‌ను కూడా చూస్తున్నారు. కంపెనీ సాఫ్ట్‌వేర్ గాని, రాష్ట్ర గాలి కాలుష్య మండలి అయిన కార్బ్ వారి ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ (అనుమతి పత్రం) ఉన్న ట్యూన్ గాని కాకపోతే బండి ఫెయిల్ అవుతుంది. మీ టెక్సస్‌లో అంత పట్టింపు లేదు. 2025 జనవరి నుంచి అక్కడ సొంత కార్లకు సేఫ్టీ తనిఖీ తీసేశారు, కానీ 17 కౌంటీల్లో ఎమిషన్ టెస్టు మిగిలే ఉంది. ఫ్రిస్కో విస్తరించిన కాలిన్, డెంటన్ రెండూ ఆ జాబితాలోనివే. ఫ్లాష్ చేయగానే రెడీనెస్ మానిటర్లు (ఎమిషన్ భాగాలను బండి తానే పరీక్షించుకున్న గుర్తులు) చెరిగిపోతాయి, అవి మళ్లీ నిండడానికి కొన్ని రోజుల మామూలు డ్రైవింగ్ కావాలి, కనుక టెస్టుకు ముందు రోజు మాత్రం ఫ్లాష్ చేయకండి.

రాష్ట్రం పట్టించుకోకపోయినా దేశమంతటికీ వర్తించే క్లీన్ ఎయిర్ యాక్ట్ ఉండనే ఉంది. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసిన డౌన్‌పైప్‌కు (టర్బో తర్వాతి ఎగ్జాస్ట్ గొట్టానికి) అనుకూలంగా రాసే మ్యాప్‌లు దాని కింద నిషిద్ధం. కాబ్ వారు 2022 ఏప్రిల్‌లో అలాంటి సౌకర్యాలను తమ సాఫ్ట్‌వేర్ నుంచి తీసేశారు, 2024లో ప్రభుత్వంతో రాజీకి వచ్చి దాదాపు 29 లక్షల డాలర్ల జరిమానాకు ఒప్పుకున్నారు. పాత వీడియోలు చూసి స్టేజ్ 2 (ఎగ్జాస్ట్ పార్టులు కూడా మార్చే తరువాతి మెట్టు) ప్రణాళికలు వేసుకునేవారు ఈ తేదీలను దృష్టిలో పెట్టుకోవాలి.

వారంటీ విషయంలో 1975 నాటి మాగ్నుసన్-మాస్ చట్టం మనల్ని కాపాడుతుందని అందరూ అంటారు. ఆ మార్పు వల్లనే పాడైందని కంపెనీ చూపాలన్నది నిజమే. కానీ పిస్టన్ పగిలినప్పుడు బూస్ట్ పెంచిన మ్యాప్ ఉందని చూపడం వారికి ఎంత సేపటి పని? పాత సాఫ్ట్‌వేర్ తిరిగి ఎక్కించడం గురించి కూడా ఒక మాట. ఈసీయూ చెరిపేసినప్పటి నుంచి ఎన్నిసార్లు స్టార్ట్ అయిందన్న లెక్క అందులోనే ఉంటుంది. నలభై వేల మైళ్ల బండి నిన్ననే పుట్టినట్టు చెబితే చూసేవాడికి అనుమానం రాదా?

బాక్సర్‌బండి, ఫ్రిస్కో, టెక్సస్

రాటన్‌పాస్ గారూ, చదువుతుంటే నా కడుపులో తిప్పింది. వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు.

టైమింగ్‌లైట్ గారూ, మీరు చెప్పినట్టే శనివారం డైనో దగ్గరకు వెళ్లి, మూడు పుల్‌లకు (పూర్తిగా తొక్కి తీసే పరుగులకు) నూట ఇరవై డాలర్లు ఇచ్చి లాగ్ తీయించాను. పెట్రోలు 93. ముఖ్యమైన అంకెలు ఇవి: డీఏఎం మూడు పుల్‌లలోనూ 1. ఫీడ్‌బ్యాక్ నాక్ 3,100 దగ్గర మైనస్ 1.4, 3,400 దగ్గర మైనస్ 2.8, ఆ తర్వాత సున్నా. రెండో పుల్‌లోనూ దాదాపు అదే చోట అంతే వచ్చింది. ఫైన్ నాక్ లెర్నింగ్‌లో ఆ గడిలో మైనస్ 1.4 రాసి ఉంది. ఏ/ఎఫ్ లెర్నింగ్ అనే వరుసలో మధ్య భాగంలో ప్లస్ 9 శాతం కనిపిస్తోంది, దాని అర్థం నాకు తెలియదు. బానెట్ ఫోటో కూడా పెట్టాను.

టైమింగ్‌లైట్, డెట్రాయిట్ శివారు

ఫోటో చూడగానే లాగ్ సగం చదివినట్టయింది. ఎడమ పక్కన నల్లటి ప్లాస్టిక్ పెట్టె ఉండవలసిన చోట ఎర్రటి గొట్టం, దాని చివర శంకు ఆకారపు ఫిల్టర్ ఉన్నాయి చూశారా? అది సుబారు పెట్టినది కాదు, మీ కన్నా ముందటి ఓనరు పెట్టించినది.

గాలి ఎంత లోపలికి వెళుతోందో కొలిచే మాఫ్ సెన్సర్ ఆ గొట్టంలోనే కూర్చుంటుంది. అది నిజానికి గొట్టంలోని గాలి మొత్తాన్ని కొలవదు, తన పక్కగా పోయే కాస్త గాలిని చూసి, గొట్టం ఇంత లావు కనుక మొత్తం ఇంత అని పట్టికలో చూసుకుంటుంది. గొట్టం లావైతే అంతే గాలి నెమ్మదిగా కదులుతుంది, సెన్సర్‌కు తక్కువ గాలి ఉన్నట్టు తోస్తుంది. ఈసీయూ ఆ లెక్కను నమ్మి పెట్రోలు తక్కువ చల్లుతుంది, ఎగ్జాస్ట్‌లోని సెన్సర్ మిశ్రమం పలచబడిందని ఫిర్యాదు చేస్తుంది, అప్పుడు 9 శాతం కలుపుకుంటుంది. మీకు కనిపించిన ప్లస్ 9 అదే. పెట్రోలు లోటును అది అలా సర్దుకోగలదు కానీ, లోడు తక్కువ అనుకున్నప్పుడు స్పార్క్ పట్టికలో తప్పు గడిలోకి వెళ్లి ఎక్కువ అడ్వాన్స్ తీసుకుంటుంది, అంటే స్పార్క్ మరీ ముందుగా పడుతుంది. 3,400 దగ్గర బూస్ట్ గట్టిగా అందుకునే సమయానికి ఆ రెండు మూడు డిగ్రీలే నాక్ అవుతున్నాయి. మీకు వెనక్కి లాగినట్టు అనిపిస్తున్నది ఈసీయూ ఉలిక్కిపడి టైమింగ్ తగ్గించడం.

నా అంచనా ఏమిటంటే, ముందటి ఓనరు ఈ ఇంటేక్‌కు తగిన మ్యాప్ వేసుకుని నడిపాడు, బండి అమ్మే ముందు యాక్సెస్‌పోర్ట్‌ను విడిగా అమ్ముకోవడానికి కంపెనీ మ్యాప్ తిరిగి ఎక్కించాడు. ఆ డబ్బా ఒక బండికి ముడిపడితే విప్పేదాకా మరో బండికి పనిచేయదు కనుక అలా చేయక తప్పదు. సాఫ్ట్‌వేర్ వెనక్కి వెళ్లింది, గొట్టం మాత్రం వెళ్లలేదు. సెకండ్‌హ్యాండ్ డబ్ల్యూఆర్‌ఎక్స్‌లలో ఇది నేను చూడడం మొదటిసారి కాదు. ట్యూన్ అక్కరలేకుండా కొలతలు సరిచూసి చేసే ఇంటేక్‌లూ ఉన్నాయి, ఇది ఆ కోవలోది కాదని మీ ప్లస్ 9 చెబుతోంది.

దీని మీద మామూలు స్టేజ్ 1 వేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. ఆ మ్యాప్ కంపెనీ పెట్టె ఉందని ఊహించి రాసినది, మార్జిన్ ఇంకా తక్కువ, బూస్ట్ ఇంకా ఎక్కువ. పాత పెట్టె తెచ్చి బిగించండి, ఈసీయూను రీసెట్ చేసి రెండు ట్యాంకులు నడపండి, మళ్లీ లాగ్ తీయండి.

గచ్చిబౌలి ఆర్‌ఎస్, హైదరాబాద్

సంబంధం ఉన్న విషయమే కనుక మా వైపు నుంచి రెండు మాటలు. నాది ఆక్టేవియా ఆర్‌ఎస్ 230. ఇక్కడ రీమ్యాప్ చేసేవారి దగ్గర ఉండే ఫైళ్లు చాలావరకు యూరప్‌లో 98 ఆక్టేన్ మీద పరీక్షించినవి. మన బంకుల్లో మామూలు పెట్రోలు 91, కాస్త మంచిదంటే 95, 100 దొరికే బంకులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పైగా అమెరికాలో పంపు మీద రాసే అంకె వేరే లెక్క. వారి 93 మన లెక్కలో దాదాపు 98, వారి 91 మన 95 కంటే తక్కువేమీ కాదు. అమెరికా నుంచి తిరిగొచ్చిన స్నేహితుడు ఒకరు 91 మ్యాప్ కదా అని ఇక్కడి 91 పోయించబోతే నేనే ఆపాను.

మా రీమ్యాప్ వారిని నేను అడిగిన మొదటి ప్రశ్న ఈ ఫైలు ఏ పెట్రోలుకు రాశారని. ఆయన "అన్నిటికీ పనిచేస్తుంది సార్" అన్నాడు. నేను తాళాలు తీసుకుని వచ్చేశాను. తర్వాత వేరొకచోట 95కి విడిగా రాయించుకున్నాను, టార్క్ వారు మొదట ప్రకటించినదానికన్నా తక్కువే వచ్చింది, రెండేళ్లుగా చింత లేదు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన స్వరూపాన్ని మార్చవద్దంటుంది. ఇన్సూరెన్స్ వారికి నేను లిఖితపూర్వకంగా తెలియజేశాను, ప్రీమియం పెంచారు. ఇక్కడ అలా తెలియజేసేవారు అరుదు, అందుకే చెబుతున్నాను.

బాక్సర్‌బండి, ఫ్రిస్కో, టెక్సస్

మూడు వారాల తర్వాత తిరిగి రాస్తున్నాను. గార్లండ్‌లోని పాత సామాను యార్డులో 2019 బండి నుంచి ఊడదీసిన నల్ల పెట్టె, గొట్టంతో సహా 85 డాలర్లకు దొరికింది. బిగించడానికి నాకు ఒక ఆదివారం పట్టింది, తెలిసినవారికి నలభై నిమిషాల పని అయి ఉంటుంది. రెండు ట్యాంకులు నడిపాక మళ్లీ అదే డైనో మీద లాగ్ తీయించాను. ఏ/ఎఫ్ లెర్నింగ్ ప్లస్ 2. ఫీడ్‌బ్యాక్ నాక్ మూడు పుల్‌లలోనూ సున్నా, ఒక్కచోట తొక్కిన క్షణంలో మాత్రం మైనస్ 1.4. వెనక్కి లాగినట్టు ఉండటం పూర్తిగా పోయింది. మూడో గేర్‌లో బూస్ట్ అందుకునేటప్పుడు బండి ఇంత సాఫీగా ఉంటుందని నాకు ఇన్నాళ్లూ తెలియదు.

యాక్సెస్‌పోర్ట్ ఇంకా కొనలేదు. వారంటీ ముగిశాక కంప్రెషన్, లీక్‌డౌన్ (సిలిండర్ నుంచి గాలి ఎంత కారుతోందో చూసే) టెస్టులు చేయించి, అంకెలు బాగుంటే 93కి రెడీమేడ్ స్టేజ్ 1తో మొదలుపెట్టాలని, లాగ్‌లు చూసే మనిషిని ముందే మాట్లాడుకోవాలని నిర్ణయించుకున్నాను. టైమింగ్‌లైట్ గారూ, అప్పటికి మిమ్మల్నే ఇబ్బంది పెడతాను. ఆ ఎర్ర గొట్టం ప్రస్తుతం గ్యారేజీ గోడకు వేలాడుతోంది. డాలస్ చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే ఊరికే ఇస్తాను, తగిన మ్యాప్ వేసుకున్నట్టు నాకు చూపించాకే చేతికిస్తాను.